బెత్తం లేని ఒకటో తరగతి

జూన్‌లో బడి తెరవగానే మా శామీర్‌పేట వైపు తల్లిదండ్రులు పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్పిస్తూ అనే మాట ఒకటుంది: "మాట వినకుంటే నాలుగు తగిలియ్యుండ్రి మేడం, మేమేమనం." నా మీద నమ్మకంతోనే అంటారు. కొట్టకుండానే పిల్లలు దారిలో పడతారని వాళ్లకు చూపించడం నా బాధ్యత.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే బడుల్లో దెబ్బలు నిషేధించారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, అందరి ముందు 'మొద్దు' అని తిట్టడం కూడా కూడదు. అయినా దెబ్బకు జడిసి ఊరుకున్న క్లాసు, టీచరు గడప దాటగానే మళ్లీ అల్లరి మొదలుపెడుతుంది. మరి ఏం చేయాలి?

ముందు కారణం వెతకాలి. మేడ్చల్ ఫ్యాక్టరీల్లో, కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర పనికి ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మా దగ్గర చదువుతారు. అలాంటి బాబొకడు పక్కవాళ్ల పలకలు లాక్కునేవాడు, గిల్లేవాడు. బొమ్మలు గీసేటప్పుడు మాత్రం బుద్ధిగా ఉండేవాడు. తెలుగు అర్థంకాకే ఈ అల్లరి అని తెలిసింది. బలపాలు పంచే పని వాడికి అప్పగించాను. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఇవ్వాలి. అలా పేర్లు వచ్చాయి, "ఇంద, తీస్కో", "నాకియ్యి" వచ్చాయి. అడగడం వచ్చాక లాక్కునే అవసరం తీరిపోయింది.

రెండోది, ఏం చేయాలో చెప్పడం. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే కుళాయి దగ్గర తోపులాట అయ్యేది. వరండాలో సుద్దముక్కతో పాదాల గుర్తులు గీశాం. ఒక్కో గుర్తు మీద ఒక్కరు. "నీ వంతు వచ్చేదాకా ఆగినవ్, బాగుంది" అంటాను. ఏది బాగుందో విడమరిచి చెబితే మర్నాడూ అదే చేస్తారు.

గుజరాత్ ఉపాధ్యాయుడు గిజుభాయి బధేకా 1932లో వచ్చిన 'దివాస్వప్న'లో కొట్టకుండానే క్లాసును దారిలో పెట్టడం చూపించారు. మనకది 'పగటి కల'గా తెలుసు. అందులో మాస్టారు మొదటిరోజు మౌనం పాటించే ఆట ఆడించబోతే క్లాసు గోలగోల చేస్తుంది. మర్నాడు కథ ఎత్తుకోగానే సద్దుమణుగుతుంది. క్లాసు అదుపు తప్పినప్పుడు నేనూ గొంతు తగ్గించి కథే మొదలుపెడతాను.

అలాగని తప్పును చూసీచూడనట్టు వదలను. రంగులు పారబోసినవాళ్లే తుడవాలి. ఎవరినైనా కొడితే, కోపం చల్లారాక వెళ్లి వాళ్లకేం కావాలో కనుక్కోవాలి, మంచినీళ్లు తెచ్చివ్వాలి. చేసినదాన్ని సరిదిద్దుకోవడం పిల్లలు అలా నేర్చుకుంటారు.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. "కొట్టండి" అనే బదులు మీ బిడ్డ దేనికి మొండికేస్తుందో, ఎలా బుజ్జగిస్తే వింటుందో చెప్పండి. రాత్రి సరిగా నిద్రపోయిందా, పొద్దున ఏమైనా తిన్నదా చెప్పండి. బెత్తంతో నాకు పనిలేదు. మీరు చెప్పే ఆ నాలుగు మాటలతో చాలా పని ఉంది.