గులిమి మురికి కాదు

చెవిలోని గులిమి మురికి కాదు, చెవి తన రక్షణకు తానే తయారుచేసుకునే పదార్థం. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న నాళం పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. గులిమిని స్రవించే గ్రంథులు, సన్నని వెంట్రుకలు అందులో బయటి మూడో వంతులోనే ఉంటాయి. ఈ స్రావాలకు రాలిన చర్మకణాలు తోడై గులిమి అవుతుంది. దానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి బాక్టీరియా, ఫంగస్ తేలిగ్గా పెరగవు. దాని జిడ్డు నీటిని చర్మంలోకి ఇంకనివ్వదు, దుమ్మును పట్టి ఆపుతుంది.

కొందరి గులిమి తేనె రంగులో జిగటగా, కొందరిది పొడిగా పొట్టులా ఉంటుంది. ఒకే జన్యువులోని తేడా దీనికి కారణమని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు. పొడి రకం చైనా, కొరియా, జపాన్ ప్రజల్లో ఎక్కువ.

మామూలుగా గులిమిని ఎవరూ తీయక్కర్లేదు. చెవి నాళంలోని చర్మం కర్ణభేరి దగ్గర్నుంచి మెల్లగా బయటికి జరుగుతూ ఉంటుంది. నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదలికా ఇందుకు తోడ్పడుతుంది. ఎండిన గులిమి చెవి అంచుకు చేరి దానంతటదే రాలిపోతుంది.

ఇయర్ బడ్ ఈ దారికి అడ్డుపడుతుంది. దూదికి అంటిన పసుపు మరక చూసి చెవి శుభ్రమైందనుకుంటారు కానీ, అంటినదానికన్నా లోపలికి నెట్టుకుపోయేదే ఎక్కువ. అక్కడ చర్మం ఎముకను అంటుకుని చాలా పలుచగా ఉంటుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి కొస ఏది తగిలినా గీరుకుపోయి చీము పట్టవచ్చు, కర్ణభేరికి చిల్లు పడవచ్చు. చెవిలో కొవ్వొత్తి వెలిగించే పద్ధతి వల్ల గులిమి రాదు, కాలిన గాయాలు మాత్రం కావచ్చు.

గులిమి గట్టిపడి అడ్డుపడితే చెవి దిబ్బడ వేస్తుంది, వినికిడి తగ్గుతుంది, చెవిలో హోరు వినిపిస్తుంది. కొందరికి పొడి దగ్గు కూడా వస్తుంది. వయసు మళ్లినవారిలో, వినికిడి యంత్రం వాడేవారిలో ఇది ఎక్కువ. డాక్టర్లు ముందు గులిమిని మెత్తబరిచే చుక్కలు కొన్ని రోజులు వేయిస్తారు. తర్వాత నీటితో కడిగో, సక్షన్‌తోనో, చిన్న పరికరంతోనో తీస్తారు. కడిగే నీరు ఒంటి వేడికి సమానంగా ఉండాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా ఇంట్లో నూనె, చుక్కలు, నీళ్లు వేయకూడదు. కాచిన నూనె ఎప్పుడూ పోయకూడదు.

స్నానం తర్వాత చెవి బయటి భాగాన్ని మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. నొప్పి, చీము, రక్తం, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి వినిపించకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. పిల్లల చెవిలో బటన్ బ్యాటరీ ఇరుక్కుంటే చుక్కలేవీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది కొద్ది గంటల్లోనే లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది.