గేరు రాడ్డునకును గేరుబాక్సునకును నడుమ

అమెరికాలో పికప్ ట్రక్కు కేవలము సరకు మోయు బండి గాదు. టెక్సస్ మొదలైన రాష్ట్రములలో పొలమునకును, పనికిని, బడికిని కుటుంబములు పయనించునది తరచు దానిలోనే. మన దేశమునందును తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారమున తయారగు వి-క్రాస్ పికప్పులో ఆటోమేటిక్ గేర్లు గల రకము వచ్చియున్నది. ఇట్టి బండిలో ఒకనాడు గేరు రాడ్డు ‘పి’ (పార్కు) స్థానమును వీడక మొండికేసినను, లేక పట్టు లేనిదై అటునిటు ఊగులాడినను, యజమానికి తొలుత తోచునది గేరుబాక్సు పోయినదనియే. వేల డాలర్ల ఖర్చు కన్నుల ముందు మెదలును. అట్టి నిశ్చయమునకు వచ్చుటకు ముందు, చేతి యందలి రాడ్డు మొదలుకొని బండి క్రింది గేరుబాక్సు వరకు గల త్రోవనంతయు ఒకమారు పరిశీలింపవలెనని నేను గట్టిగా చెప్పుదును. ఏలయన రాడ్డునకు సంబంధించిన చిక్కులు పెక్కులు ఆ త్రోవలోనే పుట్టుచున్నవి.

క్లచ్ పెడల్ అక్కరలేని గేరుబాక్సు సామాన్యులకు విరివిగా అందుట 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ వారు అమర్చిన హైడ్రామాటిక్‌తో ఆరంభమైనది. నాటినుండి లోపలి యంత్రము ఎన్నో విధముల మారినను, నేటికిని అనేక పికప్పులలో డ్రైవరు ఆజ్ఞను గేరుబాక్సునకు చేరవేయునది, సైకిలు బ్రేకు తీగవలె తొడుగులో జరుగు ఒక ఉక్కు కేబులు మాత్రమే. స్టీరింగు ప్రక్కనో సీట్ల నడుమనో ఉన్న రాడ్డును కదల్చినప్పుడు కేబులు జరిగి, గేరుబాక్సు ప్రక్కనున్న చిన్న లివరును త్రిప్పును. లివరు త్రిప్పినకొలది లోపల ఆయిలు ఒత్తిడి ఒక మార్గమునుండి వేరొక మార్గమునకు మరలును. ‘పి’ స్థానమున మాత్రము జరుగునది వేరు: ఒక ఉక్కు కొక్కెము, చక్రములను త్రిప్పు షాఫ్టుపైనున్న పండ్ల చక్రపు సందులో పడి, షాఫ్టును కదలకుండ బంధించును. కేబులు కొసను లివరునకు తగిలించునది వ్రేలి కొనపై నిలుచునంతటి ప్లాస్టిక్ బుష్. అది విరిగినయెడల రాడ్డు ‘పి’ లోనికి పోవును, తాళపుచెవియు ఊడివచ్చును. గేరుబాక్సు మాత్రము మునుపున్న గేరులోనే ఉండిపోవును.

అట్లు బండి దొర్లిపోవు ప్రమాదము ఊహాజనితము గాదు. 2018లో ఫోర్డ్ సంస్థ ఎఫ్-150 మొదలైన బండ్లను సుమారు మూడున్నర లక్షలు వెనుకకు పిలిపించినది. కేబులును గేరుబాక్సు వద్ద బిగించు క్లిప్పు సరిగా కూర్చుండకపోవుట అందులకు కారణము. 2022లో అదే సంస్థ బుష్ లోపము నిమిత్తమై సుమారు 29 లక్షల కార్లను పిలిపించవలసివచ్చెను. వేడిమియు తేమయు ఆ బుష్‌ను క్రమక్రమముగా పెళుసుబార్చును. ఇంత పెద్ద బండి భద్రత ఇంత చిన్న వస్తువుపై ఆధారపడుట నాకు సమ్మతము గాదు. కావుననే, సమతలమున నిలిపినను పార్కింగు బ్రేకు వేసితీరవలెను.

రాడ్డు ‘పి’ ని వీడకుండుట వేరొక కథ. బ్రేకు త్రొక్కనిదే రాడ్డు కదలకుండ ఒక పిన్ను అడ్డుపడియుండును. బ్రేకు త్రొక్కినంతనే స్విచ్చి ద్వారా కరెంటు సోలినాయిడు అను విద్యుదయస్కాంతమునకు చేరి, ఆ పిన్నును తొలగించును. 2010 సెప్టెంబరు నుండి తయారగు తేలికపాటి ఆటోమేటిక్ బండ్లకు అమెరికా ప్రభుత్వము ఈ ఏర్పాటును విధిగావించినది. తాళపుచెవి త్రిప్పి, బ్రేకు త్రొక్కి, వెనుక ఎఱ్ఱ దీపములు వెలుగుచున్నవేమో ఒకరిని చూడుమనవలెను. వెలుగనియెడల బ్రేకు స్విచ్చినో, ఫ్యూజునో మొదట అనుమానింపవలెను. వెలిగినచో రాడ్డు అడుగుభాగము వద్ద చెవియొగ్గి వినవలెను: ‘టక్’ మను చప్పుడు వినరానిచో సోలినాయిడో దాని వైరో చెడినదన్నమాట, బ్యాటరీ నీరసించినను ఇట్లే జరుగవచ్చును. చప్పుడు వినవచ్చియు రాడ్డు కదలనియెడల, బండి వాలున నిలిచి తన బరువునంతయు ఆ కొక్కెముపై మోపియున్నదేమో చూడవలెను. అట్లయినచో బండిని కొంచెము ఎగువకు నెట్టించినంతట కొక్కెము సడలును. వాలున నిలుపువారు పాదము బ్రేకుపై ఉండగనే పార్కింగు బ్రేకు వేసి, పాదమును సడలించి బరువును దానిపైకి దిగనిచ్చి, పిమ్మట ‘పి’ లోనికి మార్చినచో ఈ ఇబ్బంది కలుగదు. పెక్కు బండ్లలో రాడ్డు సమీపమున చిన్న మూత క్రింద రంధ్రమొకటి యుండును. పార్కింగు బ్రేకు వేసి, అందు స్క్రూడ్రైవరు దూర్చి నొక్కి రాడ్డును విడిపింపవచ్చును. అది వర్క్‌షాపు చేరుటకు మాత్రమే. ఆ పిన్ను తెరుచుకొనియే ఉండిపోవుట ఇంకను అపాయకరము: వేడికి అట్లు జరుగుచున్నదని తెలిసి 2017లో రామ్ ట్రక్కులను సుమారు 18 లక్షలు పిలిపించిరి.

రాడ్డు వదులైనచో పరీక్ష సులభమే గాని జాగ్రత్త మిక్కిలి కావలెను. సమతలమున బండి నిలిపి, చక్రములకు ముందువెనుకల చెక్కలు అడ్డుపెట్టి, ఇంజను ఆపి, పార్కింగు బ్రేకు వేసి, ఒకరు లోపల రాడ్డును కదల్చుచుండగా వేరొకరు గేరుబాక్సు ప్రక్కనున్న లివరును చూడవలెను. ఇంజను నడచుచుండగా క్రిందికి దూరుట ఎంతటి మెకానిక్కునకైనను తగదు. కేబులు కొస జరిగి లివరు కదలకున్నచో బుష్ పోయినది. కొసయే జరుగకున్నచో తప్పు పైభాగమున నున్నది, లేదా కేబులు సైలెన్సరు గొట్టమునకు తగిలి కాలి తొడుగులో చిక్కుకొన్నది. బుష్ విడిగా దొరకుచోట కొద్ది డాలర్లతో పని తీరును. వైరుతో కట్టి కాలము గడుపుట మాత్రము తగదు.

కేబులు కొసయు లివరును కదలుచు, రాడ్డు చూపు అక్షరము ఒకటియు పడిన గేరు వేరొకటియు అగుచున్నచో కేబులు సర్దుబాటు తప్పినది. రాడ్డును, లివరును ఒకే స్థానమున నిలిపి కేబులు బిగింపు సడలించి మరల బిగించినచో సరిపోవును. ఇంజను ‘ఎన్’ (న్యూట్రల్) లో స్టార్టగుచు ‘పి’ లో కాకున్నను మొదట ఈ సర్దుబాటునే చూచి, పిదప గేరుబాక్సు మీది స్థానసూచక స్విచ్చిని అనుమానింపవలెను. ఇక రాడ్డు సరిగానే ఉండి, ‘డి’ (డ్రైవ్) లో వేసిన కొంతసేపటికి గాని బండి కదలకున్నచో, ఆయిలు మట్టమును, రంగును, మాడు వాసనను చూడవలెను. అది గేరుబాక్సు వ్యవహారము.

మరమ్మతు ముగిసిన పిమ్మట ఇంజను ‘పి’, ‘ఎన్’ లలో తప్ప వేరెందును స్టార్టు కారాదు. ‘ఆర్’ (రివర్స్) లో వెనుక తెల్లదీపము వెలుగవలెను. కొద్దిపాటి వాలున ‘పి’ లో ఉంచి, పాదమును బ్రేకుపై సిద్ధముగా నిలిపి, పార్కింగు బ్రేకు సడలించినప్పుడు బండి కొంచెము జరిగి కొక్కెము పడినంతనే నిలిచిపోవలెను. యజమాని ఈ మూడింటిని వర్క్‌షాపులో తన యెదుటనే చేయించి, ఆ తరువాతనే డబ్బు చెల్లించుట మేలు.