పైథానా, జావానా అనే ముందు ఒక ముగ్గు

నవంబరు పేరెంట్స్ మీటింగ్‌లో ఏడో తరగతి పాప వాళ్ల నాన్నగారు నా టేబుల్ మీద ఒక ఫైల్ పెట్టారు. అందులో మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడూ బయట చేసిన ఆన్‌లైన్ కోడింగ్ కోర్సులవే. "పైథాన్ అయిపోయింది మేడమ్. ఇప్పుడు జావా పెట్టించమంటారా, సీ పెట్టించమంటారా? ఆలస్యమైతే వెనకబడిపోతుందేమో" అని అడిగారు.

పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఏడో ఎక్కం వచ్చే ప్రోగ్రామ్ రాయమన్నాను. రెండు నిమిషాల్లో టైప్ చేసేసింది. ఒక్క తప్పు లేదు. ఏడు పదులు డెబ్బై దాకా స్క్రీన్ మీద చక్కగా వచ్చింది. నాన్నగారి ముఖం వెలిగిపోయింది. ప్రోగ్రామ్‌లో 'రేంజ్' అనే మాట పక్కన 1, 11 అని రెండు అంకెలున్నాయి. "ఎక్కం పదితోనే ఆగింది కదా, ఇక్కడ 11 ఎందుకుందమ్మా?" అని అడిగాను. "అది అలాగే ఉంటుంది మేడమ్" అంది. "ఆ 11 తీసి 6 పెడితే ఎక్కడ ఆగుతుంది?" అన్నాను. పాప వాళ్ల నాన్నగారి వైపు చూసింది.

పాప తెలివిలో లోపం ఏమీ లేదు. పంతొమ్మిదో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఆమెకు ప్రోగ్రామ్ టైప్ చేయడం వచ్చింది, చదవడం రాలేదు. ఇందులో బయటి కోర్సులను మాత్రమే అని లాభం లేదు. రికార్డు బుక్‌లో ప్రోగ్రామ్ నీట్‌గా కాపీ చేసి తెస్తే ఫుల్ మార్కులు వేసిన టీచర్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ నెల తెలుగు పేజీల్లో 'ఏ లాంగ్వేజ్?' అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అసలు ప్రోగ్రామ్ అంటే ఏమిటో చెప్పుకుందాం.

సంక్రాంతికి వారపత్రికల్లో ముగ్గుల పేజీలు వస్తాయి కదా. ఒక్కో ముగ్గు కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: "7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చే వరకు." అంతే. ఆ ఒక్క లైను చూసి మన అమ్మలు, అమ్మమ్మలు వాకిలి నిండా చుక్కలు పెట్టేస్తారు. మధ్య వరుసలో 7, దాని పైన ఒక్కటి తగ్గించి 6, ఆ పైన 5, ఆ పైన 4. కింద వైపు కూడా అంతే. ప్రతి చుక్కా అవతలి వరుసలోని రెండు చుక్కల సందులోకి రావాలి. లెక్క వేస్తే మొత్తం 37 చుక్కలు.

ఆ లైనే ఒక ప్రోగ్రామ్. చేయాల్సిన పనిని వరుస తప్పకుండా, అనుమానానికి తావు లేకుండా చెప్పే ఆజ్ఞల పట్టీనే ప్రోగ్రామ్ అంటాం. ఈ ముగ్గులో వరుస వరుసకూ ఒక అంకె మారుతోంది: 7, 6, 5, 4. ఇలా మారే విలువకు పేరు పెట్టి దాచుకునే చోటును ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్ అంటారు. 'ఒక వరుస పెట్టు, ఒకటి తగ్గించు, మళ్లీ వరుస పెట్టు' అని అదే పని తిరిగి తిరిగి చేయడం లూప్. '4 వచ్చాక ఆపు' అన్నది కండిషన్. బ్యాంకు యాప్ అయినా, రైలు టికెట్ బుకింగ్ అయినా లోపలికి వెళ్లి చూస్తే ఈ మూడే రకరకాలుగా అల్లుకుని కనిపిస్తాయి.

తేడా ఒక్కటే. అమ్మమ్మకు ఒక లైను చాలు, మిగతాది ఆవిడే సర్దుకుంటుంది. కంప్యూటర్‌కు సర్దుకోవడం తెలియదు. వరుస అంటే ఎడమ నుంచి కుడికి అని చెప్పాలి, వరుస అయ్యాక కింది లైనులోకి దిగమని చెప్పాలి, చుక్క ఎంత జరిపి పెట్టాలో చెప్పాలి. మనం చెప్పినదే చేస్తుంది, మన మనసులో ఉన్నది చేయదు. పిల్లలకు మొదట్లో విసుగు పుట్టించేది ఇదే, తర్వాత మజా ఇచ్చేదీ ఇదే.

కండిషన్ దగ్గర ఇంకాస్త ఆగాలి. పిల్లలు ఎక్కువగా పడిపోయేది అక్కడే. పాస్ మార్కు 35 అనుకుందాం. 'మార్కులు 35 కంటే ఎక్కువైతే పాస్, లేకపోతే ఫెయిల్' అని ఒక బాబు ప్రోగ్రామ్ రాస్తాడు. 60 ఇచ్చి చూస్తాడు, పాస్. 20 ఇచ్చి చూస్తాడు, ఫెయిల్. పని అయిపోయిందనుకుంటాడు. సరిగ్గా 35 వచ్చిన పిల్లవాడి సంగతేమిటి? ఈ ప్రోగ్రామ్ వాడిని ఫెయిల్ చేస్తుంది! 'ఎక్కువైతే' అన్న చోట 'ఎక్కువైనా, సమానమైనా' అని ఉండాలి. అందుకే గట్టు మీద ఉన్న అంకెను ముందు పరీక్షించమని క్లాసులో పదేపదే చెబుతుంటాను.

ఇంట్లో కరెంటు బిల్లు కూడా ఇలాంటి పాఠమే. లెక్క సులువుగా ఉండేందుకు మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3 రూపాయలు, ఆపైన వాడిన వాటికి 5 రూపాయలు అనుకోండి. 120 యూనిట్లకు బిల్లు ఎంత? తొందరపడిన పిల్లలు 120ని 5తో గుణించి 600 అంటారు. అసలు జవాబు 400. మొదటి వందకు 300, మిగిలిన ఇరవైకి 100. కాగితం మీద ఈ తేడా తెలిసిన పిల్లలు ఏ లాంగ్వేజ్‌లోనైనా ఆ ప్రోగ్రామ్ రాయగలరు. తెలియకపోతే ఏ లాంగ్వేజూ కాపాడదు.

ఇప్పుడు లాంగ్వేజ్‌ల సంగతి. ప్రాసెసర్‌కు అర్థమయ్యేవి సున్నాలు, ఒకట్లతో కూడిన సంకేతాలు మాత్రమే. తొలి రోజుల్లో మనుషులే ఆ సంకేతాల్లో రాసేవారు. మనిషికి అలవాటైన రూపంలో రాస్తే, కంప్యూటర్ సంకేతాల్లోకి మార్చే పనిని కంప్యూటర్‌కే అప్పగించవచ్చని అమెరికాలో గ్రేస్ హాపర్ అనే గణిత శాస్త్రవేత్త 1952లో చేసి చూపించారు. 1957లో ఐబీఎం నుంచి ఫోర్ట్రాన్ వచ్చింది. శాస్త్రవేత్తల లెక్కలకు అది బాగా పనికొచ్చింది. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ తయారుచేశారు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో మనలో చాలామంది కుస్తీ పట్టింది దాంతోనే. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ను విడుదల చేశారు. పేరు చూసి పిల్లలు కొండచిలువ అనుకుంటారు గానీ, ఆయన ఆ పేరును బీబీసీలో వచ్చిన ఒక కామెడీ షో నుంచి తీసుకున్నారు. జావా 1995లో వచ్చింది. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు పిల్లల కోసమే స్క్రాచ్‌ను ప్రజల ముందుంచారు.

మన చుక్కల ముగ్గును వీటన్నిటిలోనూ వేయవచ్చు. స్క్రాచ్‌లో ఇంత ఎత్తు నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోవడమే. స్పెల్లింగ్ తప్పు పోయే ప్రసక్తే రాదు. ఎనిమిదేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి మూడు, నాలుగు తరగతుల నుంచి హాయిగా మొదలుపెట్టవచ్చు. పైథాన్‌లో టైప్ చేయాలి, లైను ముందు వదిలే ఖాళీ కూడా సరిగ్గా ఉండాలి. అయినా ఒక పలకరింపు తెరపైకి తేవడానికి ఒక్క లైను చాలు. అదే పనికి జావాలో చుట్టూ పందిరి వేయాలి, ఆ పందిరి ఎందుకో చిన్న పిల్లలకు వివరించడం కష్టం. అందుకే నా సలహా: ఆరో తరగతి దాకా స్క్రాచ్, ఆ తర్వాత పైథాన్. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నదీ పైథానే. సీ, జావా ఎక్కడికీ పోవు, కాలేజీలో ఎదురొస్తాయి. ఒకటి అర్థమై నేర్చుకున్నవాళ్లకు రెండోది కొన్ని వారాల పని.

మధ్యలో ఒక మాట. హెచ్‌టీఎంఎల్‌ను కూడా కొందరు ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అని లెక్కలో వేస్తారు. అది వెబ్ పేజీలో ఏది శీర్షిక, ఏది బొమ్మ అని గుర్తులు పెట్టే పద్ధతి. దానంతట అది లూప్ తిప్పలేదు, నిర్ణయం తీసుకోలేదు. నేర్చుకోవడం మంచిదే, కానీ సర్టిఫికెట్ మీద ఆ పేరు చూసి ప్రోగ్రామింగ్ వచ్చేసిందని అనుకోకండి.

జాతీయ విద్యా విధానం-2020 మిడిల్ స్టేజ్‌లో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో, కోడింగ్‌కు చోటు ఇచ్చాక తల్లిదండ్రుల్లో కంగారు పెరిగిన మాట నిజం. ఆ కంగారులో మనం చూడకుండా వదిలేస్తున్నది తప్పుల సంగతి. పైథాన్‌లో తెలుగు మార్కులు 85, ఇంగ్లీషు మార్కులు 78 కీబోర్డు నుంచి తీసుకుని కూడమంటే చాలామంది పిల్లలకు మొదటిసారి వచ్చే జవాబు 8578. కంప్యూటర్‌కు కూడిక రాక కాదు. కీబోర్డు నుంచి వచ్చిన దాన్ని పైథాన్ అంకెగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. రెండు అక్షరాల ముక్కలను కూడమంటే పక్కపక్కన అతికిస్తుంది. వాటిని ముందు అంకెలుగా మార్చమని మనమే చెప్పాలి. ఈ తప్పు ఒకసారి సొంతంగా చేసి, తల గోక్కుని, కారణం పట్టుకున్న పిల్లలు జన్మలో మరచిపోరు. ముందే సరైన ప్రోగ్రామ్ ఇచ్చేసి కాపీ చేయించిన పిల్లలకు ఆ అవకాశమే ఉండదు.

ఇక్కడ కంప్యూటర్ ఏ తప్పూ చూపించలేదని గమనించండి. జవాబు ఇచ్చింది, అది తప్పు జవాబు. కొన్ని తప్పులకు ఎర్ర అక్షరాలు వస్తాయి. పైథాన్‌లో ఆ ఎర్ర అక్షరాల చివరి లైను ముందు చదవమంటాం, అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది. ఎర్ర అక్షరాలు రాని తప్పులే ప్రమాదకరం. వాటిని పట్టుకోవాలంటే ప్రోగ్రామ్ నడపకముందే జవాబు ఇంత రావాలని పిల్లలకు ఒక అంచనా ఉండాలి. కాబట్టి మీ అమ్మాయి ఇరవై నిమిషాలుగా ఒక్క లైను కూడా టైప్ చేయకుండా స్క్రీన్ వైపే చూస్తుంటే వెంటనే కోప్పడకండి. నిజంగా ప్రోగ్రామింగ్ జరుగుతున్నది ఆ ఇరవై నిమిషాల్లోనే కావచ్చు.

'ఏఐని అడిగితే అదే రాసిస్తోంది కదా, ఇంక నేర్చుకోవడం ఎందుకు?' అని కూడా కొందరు అడుగుతున్నారు. రాసిస్తుంది, నిజమే. అది రాసిచ్చిన దాంట్లో 35 వచ్చిన పిల్లవాడు ఫెయిల్ అవుతున్నాడో లేదో చూడాల్సింది ఎవరు? చదవడం రానివాళ్లకు అది తప్పు రాసినా తెలియదు, ఒప్పు రాసినా తెలియదు. హోంవర్క్‌కు మాత్రం కనీసం మొదటి రెండేళ్లు దాని జోలికి పోనివ్వకండి.

మీకు కోడింగ్ తెలియకపోయినా ఇంట్లో చేయగలిగింది ఉంది. పిల్లలు ప్రోగ్రామ్ చూపించినప్పుడు 'భలే' అనేసి వదిలేయకుండా, నడపకముందే 'ఏం వస్తుందో చెప్పు' అనండి. తర్వాత ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి 'దీన్ని మారిస్తే?' అనండి. జవాబు మీకు తెలియనక్కర్లేదు, మార్చి నడిపితే కంప్యూటరే చెబుతుంది. దీని కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని కూడా లేదు. స్క్రాచ్, పైథాన్ రెండూ ఉచితమే, పాత కంప్యూటర్ మీదా సాధారణంగా నడుస్తాయి. ఫోన్‌లో మాత్రం టైప్ చేయడం చిన్న పిల్లలకు నరకం.

ఆ పాప సంగతి చెప్పాలి. కొత్త కోర్సు ఏదీ వద్దని, సంక్రాంతి సెలవుల్లో ఏడు చుక్కల ముగ్గు ప్రోగ్రామ్ సొంతంగా రాసుకు రమ్మని పంపాను. సెలవులయ్యాక తను చెప్పిన కథ ఇది. మొదట మధ్య వరుస రెండుసార్లు వచ్చిందట. చుక్కలు లెక్కపెడితే 37 బదులు 44. ఎక్కేటప్పుడూ 7 పెట్టింది, దిగేటప్పుడూ 7 పెట్టింది. అది తనే పట్టుకుంది. రెండో తప్పు పట్టుకున్నది వాళ్ల నానమ్మ. స్క్రీన్ చూసి, "ఏమే, నీ ముగ్గు కుడి పక్కన గోడకి చేరగిలబడిందేంటి? సందు చుక్క అంటే సందులో పడాలి గానీ" అన్నారట. పాప ప్రతి వరుసకూ ముందు ఖాళీలు వదిలింది గానీ, చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ వదల్లేదు. దాంతో వరుసలన్నీ కుడి వైపు ఒకే గీత మీద ఆగిపోయాయి. ఒక పూటంతా కాగితం మీద గళ్లు గీసుకుని కూర్చుని, ప్రతి చుక్క తర్వాత ఒక ఖాళీ చేర్చింది.

"ఇందులో 8 ఎందుకు పెట్టావు?" అని మళ్లీ అడిగాను. "రేంజ్ చివరి అంకె దగ్గరికి వెళ్తుంది గానీ దాన్ని ముట్టుకోదు మేడమ్. ఏడు కావాలంటే ఎనిమిది అనాలి" అంది. తర్వాత, నేను అడగకుండానే, ఆ 8ని 14 చేసి చూపించింది. ఈసారి స్క్రీన్ మీద పదమూడు చుక్కల ముగ్గు వస్తుందనుకుంది. పై సగం 13 దాకా పెరిగింది, కింది సగం మాత్రం 6 నుంచే మొదలైంది. "అయ్యో, అక్కడ కూడా మార్చాలి" అంటూ కుర్చీ ముందుకు లాక్కుంది.