దిగబడిన బండి

సవరలును జాతాపులును తరతరములుగ నివసించు గుమ్మలక్ష్మీపురము మండలమున, తారు రోడ్డు ముగిసిన పిమ్మట ప్రయాణమునకు అడ్డుపడునది కొండకంటె గెడ్డయే యనవచ్చును. వానకాలమున ఒడ్లొరసి పాఱి నాగావళిలో కలియు ఈ కొండవాగులు, సంక్రాంతి దాటునప్పటికి సన్నని ధారగా మిగిలి, ఇరుప్రక్కల ఇసుక మేటలను విడిచిపోవును. వంతెన లేనిచోట రోగియైనను, రేషను బియ్యమైనను, సంతకు బోవు చింతపండైనను ఆ మేటల మీదుగనే దాటవలయును. జీపు నడుమ దిగబడినచో రోగిని డోలీ కెత్తుకొని నడచుటకంటె గత్యంతరముండదు గనుక, ఇసుకనుండి బండిని క్షేమముగ వెలికిదీయు విద్యను విహారయాత్రికుల సరదాగా నెంచి త్రోసివేయుట న్యాయము కాదు.

నాలుగు చక్రములకును శక్తి నందించు బండి యెచ్చటను దిగబడదని పట్టణములనుండి వచ్చువారు తలచుచుందురు. అది నిజము కాదు. ఇరుసు నడుమనుండు డిఫరెన్షియలు, ప్రత్యేకమైన తాళము లేనప్పుడు, రెండు చక్రములకును సమానమైన బలమునే పంచును. ఒక చక్రము పట్టుదప్పి వట్టిగ తిరుగుచుండగా రెండవదానికి అందునదియు ఆ స్వల్పబలమే. అదిగాక ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో అనేకము నేలకు దగ్గఱగనుండును. జీపునందుండు లో గేరు వానికి సాధారణముగ లేదు. ఇసుకలో చాలసేపు పెనగులాడినచో వెనుక చక్రములకు శక్తిని చేర్చు కప్లింగు వేడెక్కి, తన పనిని తాత్కాలికముగ మానుటయు కలదు.

బండి మందగించి చక్రము వట్టిగ తిరుగుచున్నదని తెలిసిన తక్షణమే యాక్సిలరేటరుపైనుండి కాలు తీయవలయును. సర్వమును ఈ యొక్క క్షణముమీదనే ఆధారపడియున్నది. ఇంజనును రొద పెట్టించినకొలది చక్రము తన గోతిని తానే త్రవ్వుకొని, తుదకు బండి పొట్ట ఇసుకపై ఆనును. ఆ పిదప ఎంత బలమున్నను చక్రములకు ఊతము దొరకదు. అంతదూరము రాకమునుపే రివర్సు గేరు వేసి, వచ్చిన జాడలోనే మెల్లగ వెనుకకు పోజూచుట మేలు. ఆ జాడలోని ఇసుక అప్పటికే అణగి గట్టిపడియుండును.

అట్లును కదలనిచో దిగి పార పట్టవలయును. ప్రతి చక్రమునకు ముందు ఏటవాలుగ త్రవ్వి, పొట్టక్రింద చేరిన ఇసుకను లాగివేయవలయును. పొగగొట్టపు మూతిని ముందుగ చూడుడు: అది పూడియుండగా ఇంజను నడచుచున్నచో విషవాయువు లోపల కూర్చున్న పిల్లలకు ప్రాణాంతకము కావచ్చును. జాకీ పెట్టదలచినచో దానిక్రింద వెడల్పైన పలక నుంచవలయును. జాకీపై నిలిచిన బండిక్రిందికి ఎవ్వరును దూరరాదు.

ఇక గాలి. రోడ్డుపై చదరపు అంగుళమునకు 30–35 పౌన్లుండు ఒత్తిడిని 18 వఱకు తగ్గించినచో పని సగము తీరినట్లే. తాళపుచెవి మొనతో వాల్వు పిన్నును నొక్కుచుండగా టైరు అడుగు ప్రక్కలకు ఉబ్బి, నేలపై దాని అడుగుజాడ నిడుపగుట కంటికి కనబడును. దమ్ము చేసిన మడిలో మడమ దిగునుగాని పలకపై నిలిచినవాడు దిగడు గదా! అయితే 15 పౌన్లకు దిగువకు దించినచో మలుపులో టైరు రిమ్మునుండి ఊడు ప్రమాదము కలదు. 1920, 1930 దశకములలో ఫోర్డు కార్లతో లిబియా ఎడారిని శోధించిన బ్రిటిషు సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ ఈ యుపాయమునే అవలంబించి, చక్రములక్రింద ఉక్కు పట్టాలను పఱచి బండ్లను దాటించెను. ఇసుక కదలికలను గూర్చి 1941లో ఆయన ప్రకటించిన గ్రంథము నేటికిని ప్రామాణికమే. మన గెడ్డయొడ్డున ఉక్కు పట్టాలు లేకున్నను, కొయ్యపలకలును గోనెసంచులును అక్కఱకు వచ్చును.

తుదియుపాయము లాగుట. ట్రాక్టరు వచ్చినదని అందఱును సంతోషించు ఆ ఘడియయే నిజమునకు మిక్కిలి అపాయకరమైనది. ఉక్కు గొలుసునుగాని తీగత్రాటినిగాని కట్టి ఒక్కుదుటున గుంజినచో, తెగిన కొస తుపాకిగుండువలె వచ్చి తాకును. ట్రెయిలరు తగిలించు గుండు బంతికి త్రాడు తగిలింపరాదు. అది విఱిగి అద్దములను చీల్చుకొని లోనికి వచ్చి మనుష్యులను చంపిన ఉదంతములు విదేశములలో కలవు. బండి చట్రమునకు బిగించిన కొక్కెమునకే కట్టవలయును. త్రాటి నడుమ తడిగోనెనుగాని బరువైన దుప్పటినిగాని వేయవలయును. చూడవచ్చిన ఊరివారిని, ముఖ్యముగ పిల్లలను, త్రాటి పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరమునకు పంపిన పిదపనే సైగ చేయవలయును. ఇంజను బలముతో చక్రములు మెల్లగ సాయపడుచుండగా నెమ్మదిగ లాగుటే మంచిది.

గెడ్డలో మఱియొక జాగ్రత్త కలదు. తడిసిన ఇసుక గట్టిగనుండును గాని, నీరు నిండిన ఇసుక చక్రపు కదలికకే ద్రవమువలె జాఱిపోవును; ప్రవాహమున నిలిచిన బండి చక్రములక్రిందినుండి ఇసుక కోసుకొనిపోవుచునే యుండును. ఎగువ కొండపై మబ్బు క్రమ్మియున్నచో, ఇచ్చట ఎండ కాయుచున్నను, బండిని విడిచి మనుష్యులు గట్టెక్కవలయును.

బయటపడిన పిదప బ్రేకులను రెండుమార్లు నొక్కి ఆర్చుకొని, కొండమలుపులు ప్రారంభము కాకమునుపే పంపుతో టైర్లలో గాలిని మరల యథాస్థితికి నింపుకొనవలయును.