వారంటీ ముగిసిన లారీకి ఇంజను చిక్కు వస్తే సంఘం చేయవలసిన పనులు

పాల సేకరణకు సొంత లారీ గాని, చిన్న వ్యాను గాని ఉన్న సంఘాలు కొన్ని ఉన్నవి. అప్పు మీద బండి కొని పాల రూటుకు అద్దెకు తిప్పుకుంటున్న సభ్యుల కుటుంబాలూ ఉన్నవి. బండి కొత్తగా ఉన్నన్నాళ్ళు ఏ చిక్కు వచ్చినా డీలరు వర్కుషాపులో వదలిపెడితే పని జరిగిపోతుంది. గడువు దాటిన తరువాత ఇంజను మొరాయిస్తే మాత్రం ఖర్చంతా సంఘం మీద పడుతుంది. ఆ సమయంలో తొందరపడి చేసే పనుల వల్లనే ఎక్కువ నష్టం కలుగుతున్నదని మా తనిఖీలలో గమనించాము. కనుక ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది సభ్యులకు వివరింపదలచాము.

ముందు పాలు, తరువాత బండి

రూటు మధ్యలో బండి ఆగితే మొదట చూడవలసినది పాల సంగతి. చల్లబరచని పాలు మన ఎండలకు కొద్ది గంటలలోనే పులుపెక్కి, సి.ఓ.బి. పరీక్షలో విరిగిపోతాయి. 40 లీటర్ల క్యాన్లు 50 ఉన్నాయనుకొనండి. 2,000 లీటర్లు. లీటరు 40 రూపాయల లెక్కన ఒక పూట సరుకే 80,000 రూపాయలు. చాలా మరమ్మతులకు ఇంత ఖర్చు కాదు. అందుచేత దగ్గరలోని మరొక బండి యజమానితో ముందే అద్దె మాట్లాడి, పాలకవర్గంలో తీర్మానం చేసి, ఫోను నంబరు సంఘం గోడ మీద వ్రాసి ఉంచవలెను. బండి ఆగిన తరువాత వెతుక్కోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే.

ఇంజను ఏం చెబుతున్నదో గమనించండి

పొగ రంగు చూసి కొంత తెలుసుకొనవచ్చు. నల్లని పొగ వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువగా పడుతున్నది. ఎయిర్ ఫిల్టరు, ఇంజక్టర్లు చూపించవలెను. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. రింగులు, వాల్వు సీళ్ళు, టర్బో వీటిలో ఏదో అరిగి ఉంటుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే, రేడియేటరులో నీరు తరుగుతూ ఉంటే, హెడ్డు గ్యాస్కెట్ పోయిందేమో అనుమానించవలెను. ఆయిలు గేజి పుల్ల తీసి చూచినపుడు ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీరు కలిసినట్లే. అటువంటి బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

ఆయిలు ప్రెజరు దీపం వెలిగినా, వేడి ముల్లు ఎర్ర గీత దాటినా వెంటనే ఆపవలెను. వేడి మీద ఉన్న రేడియేటరు మూత తీయరాదు, చన్నీళ్ళు పోయరాదు. మూత తీస్తే మనిషి కాలుతాడు. చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగలవచ్చు. "ఇంకొక రెండు ఊళ్ళే గదా" అని నడిపితే గ్యాస్కెట్‌తో పోయే పని క్రాంకు దాకా వస్తుంది.

కొత్త రకం ఇంజన్ల విషయం

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 బండ్లే రిజిస్టరవుతున్నవి. వీటి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఒకే వేగంతో నడవాలి. పాల బండి ఊరూరా ఆగుతూ పోతుంది కనుక ఫిల్టరు త్వరగా మూసుకుపోయే అవకాశం ఉన్నది. దాని దీపం వెలిగితే డ్రైవరు నిర్లక్ష్యం చేయక, కంపెనీ పుస్తకంలో చెప్పిన ప్రకారం పెద్ద రోడ్డు మీద నడిపి శుభ్రపరచవలెను. ఇంజను ఆయిలు కూడా ఆ పుస్తకంలో చెప్పిన రకమే పోయవలెను.

పెద్ద బండ్లలో డీజిలుతో పాటు వేరే ట్యాంకులో యూరియా ద్రావణం పోస్తారు. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది లవణాలు తీసివేసిన నీరు. మన ఇళ్ళలో యూరియా బస్తాలు ఉంటాయి గనుక పొలానికి చల్లేదే నీళ్ళలో కలిపి పోద్దామన్న ఆలోచన రావచ్చు. అది కూడదు. ఎరువుల యూరియాలోని మలినాలు, బావి నీటిలోని లవణాలు పంపును, గొట్టాలను, దాని వెనుక ఉన్న విలువైన పరికరాన్ని పాడుచేస్తాయి. వందలు మిగిలించబోయి వేలు, లక్షలు పోగొట్టుకొనవలసి వస్తుంది.

గడువు నిజంగా ముగిసిందా?

వారంటీకి సంవత్సరాలు, కిలోమీటర్లు రెండు లెక్కలూ ఉంటాయి. ఏది ముందు పూర్తయితే అప్పటికి ముగిసినట్లు. అయినప్పటికీ మూడు సంగతులు చూడవలెను. ఒకటి, కొన్నప్పుడు అదనపు వారంటీకి డబ్బు కట్టారేమో. రెండు, ఇంతకు ముందు డబ్బు ఇచ్చి మార్పించిన భాగానికి విడిగా గ్యారంటీ ఉన్నదేమో, పాత బిల్లు వెనుక చదవవలెను. మూడు, ఇదే చిక్కు గడువు లోపలనే ఒకసారి ఫిర్యాదు చేసి జాబు కార్డులో వ్రాయించారేమో. వ్రాయించి ఉంటే అది పాత ఫిర్యాదే గాని కొత్తది కాదని గట్టిగా అడుగవచ్చు.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో నీరు తరుగుతున్నదని డ్రైవరు గడువు లోపల రెండుసార్లు డీలరుకు నోటిమాటగా చెప్పాడు. కాగితం లేదు. గడువు దాటిన నెలకు హెడ్డు పగిలింది. రికార్డులో ఫిర్యాదు లేదని డీలరు అన్నాడు. ఖర్చు మొత్తం సభ్యుల బోనసు నుండే పోయింది. మరొక సంఘ కార్యదర్శి ప్రతి సర్వీసు జాబు కార్డునూ దారం కుట్టి ఉంచాడు. వాటి నకళ్ళు జతచేసి కంపెనీకి వ్రాయగా, గడువు దాటినా విడిభాగాల ధరలో కొంత వారే భరించారు. ఇది హక్కు కాదు, వారి మర్యాద. కాని సర్వీసు సకాలంలో చేయించినట్లు రుజువు ఉన్నవారికే ఆ మర్యాద దక్కుతుంది.

ఇంజను విప్పే ముందు

ఒకసారి విప్పిన తరువాత బేరం మన చేతిలో ఉండదు. కనుక ముందు పరీక్షకు మాత్రమే డబ్బు ఇచ్చి, కంప్రెషను పరీక్ష, ఇంజక్టర్ల పరీక్ష, కొత్త బండి అయితే కంప్యూటరు పరీక్ష చేయించి ఫలితం కాగితం మీద తీసుకొనవలెను. రెండు చోట్ల నుండి వ్రాతపూర్వకంగా అంచనాలు తెప్పించవలెను. అంచనాలో విడిభాగాలు వేరుగా, కూలి వేరుగా, లేతు పని వేరుగా చూపించాలి. అంచనాకు మించి పని పడితే పాలకవర్గం అనుమతి లేకుండా చేయరాదని ముందే వ్రాయించవలెను.

తీర్మానం మినిట్సు పుస్తకంలో వ్రాయవలెను. జి.ఎస్.టి. నంబరు గల బిల్లు తీసుకొని, పెద్ద మొత్తాలు చెక్కు ద్వారానే చెల్లించవలెను. మార్చిన పాత భాగాలు అడిగి తెచ్చుకొని, తూకం వేసి అమ్మి, ఆ డబ్బు జమకట్టవలెను. పాత భాగాలు కనబడనిచో కొత్తవి వేశారన్న నమ్మకం ఏమిటి? ఇంజనునే మార్చితే నంబరు మారుతుంది గనుక రవాణా కార్యాలయంలో ఆర్.సి. మీద నమోదు చేయించవలెను.

బీమా, చట్టం

మామూలు మోటారు బీమాలో అరుగుదలకు, యంత్రం తనంతట చెడిపోవడానికి పరిహారం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని స్టార్టు చేస్తే సిలిండరులోకి నీరు చేరి ఇంజను విరుగుతుంది. ఆ నష్టానికి ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ లేకపోతే బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. బండి మునిగితే తాళం తిప్పక, లాగించుకొని పోవలెను.

తయారీలోనే లోపం ఉండి కంపెనీ న్యాయం చేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. ఆ చట్టంలో "వ్యక్తి" అన్న మాటలో సహకార సంఘం కూడా చేరుతుంది. కాని వ్యాపార నిమిత్తం కొన్న వస్తువులకు ఈ చట్టం సాధారణంగా వర్తించదు కనుక సంఘాలు ముందు వకీలును అడుగవలెను. సొంతంగా బండి తోలుకొని బ్రతికే సభ్యునికి మాత్రం దారి సులభం. జీవనోపాధికి లారీ కొని తానే నడుపుకొనేవాడు, ఒకరిద్దరి సాయం తీసుకొన్నా, వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లించిన ధర 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషనులో, కారణం ఏర్పడిన రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయవలెను. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

వీటన్నిటికీ మూలం ఒక్కటే. బండికి ఒక లాగు పుస్తకం పెట్టండి. రోజువారీ కిలోమీటర్లు, డీజిలు, పోసిన ఆయిలు, డ్రైవరు చెప్పిన చిక్కు, చేయించిన పని అందులో వ్రాయించండి. నెలకొకసారి పాలకవర్గ సమావేశంలో చదివించండి. ఆయిలు ఖర్చు పెరుగుతున్నదని ఆ పుస్తకం ముందే చెబుతుంది. వారంటీ ముగియడానికి రెండు నెలల ముందు బండిని పూర్తిగా పరీక్ష చేయించి, ఉన్న లోపాలన్నీ జాబు కార్డులో ఎక్కించండి. లీటరు లీటరు పోసి సభ్యురాలు సంపాదించిన డబ్బుతో కొన్న బండి అది. దాని కాగితాలను కూడా పాల లెక్కలంత శ్రద్ధగా చూడవలసిందిగా సంఘ పాలకవర్గాలను కోరుతున్నాము.