చేపను పట్టకనే దాని క్షేమము తెలిసికొనుట

అనంతపురం జిల్లాలో సాలుకు సగటు వర్షము 600 మిల్లీమీటర్లకు లోపే. వానలు తప్పిన ఏట శింగనమల వంటి పెద్ద చెరువే వెలవెలబోవును. కుంటల సంగతి చెప్పనక్కరలేదు. నీరు తగ్గును గాని చేపలు తగ్గవు.

అట్టి వేసవిలో చేపలు ఎట్లున్నవో చూతమని వల వేయకుడు. వలలో పెనుగులాడిన చేపకు పొలుసులూడి, పైజిగురు పోయి, పుండ్లు పడును. గట్టు మీదనుండియే చాలవరకు తెలియును.

తెల్లవారక మునుపే చెరువు కడకు వెళ్లుడు. పగటి ఎండలో పచ్చనాచు నీటికి ప్రాణవాయువు నిచ్చును; రాత్రి తానే దానిని పీల్చుకొనును. కనుక వేకువన అది మిక్కిలి తక్కువ. చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేయుచున్నచో అపాయము దగ్గరపడినదన్నమాట. బొచ్చె పై నీటిలో తిరుగునదే గదా, అది కనబడుట వింత కాదు. అడుగున మేయు ఎర్రమోసు సైతము పైకి వచ్చి నోరు తెరచినచో ఆలస్యము కూడదు. ఆనాడు మేత మానుడు. బోరు నీరు వదలుడు. అందు ప్రాణవాయువు స్వల్పము గనుక ఎత్తునుండి చిమ్మి పడవలెను.

నీటిలో మోచేతివరకు చేయి ముంచుడు. మోచేయి తడియక మునుపే అరచేయి కనుమరుగైనచో నాచు హెచ్చినది. ఎర్రమట్టి కలిసిన నీటికి ఈ పరీక్ష పనికిరాదు.

కర్రకు కట్టిన మేతసంచిలో తవుడు రోజూకంటె ఎక్కువ మిగిలినను, చేపలు కర్రలకు ఒరసుకొనుచున్నను అనుమానింపవలెను. ఒరసుకొనుట తరచు చేపపేను వలననే. అప్పుడు మాత్రము ఒకటి రెండు చేపలను పట్టి, మత్స్యశాఖవారికి చూపుడు.