పస్తున్న పేగుముక్క

ముప్పై ఏళ్లు ఒంగోలు దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. బోర్డు మీద జీర్ణవ్యవస్థ బొమ్మ వేసి పెద్దపేగు దగ్గరికొచ్చేసరికి గంట కొట్టే వేళయ్యేది. "నీళ్లు పీల్చుకుంటుంది, మిగిలింది బయటికి పంపుతుంది, రాసుకోండి" అనేసి సుద్దముక్క కింద పెట్టేదాన్ని. ఆ చిన్నచూపుకి పెద్దపేగు నా మీద కక్ష కట్టిందేమో, రిటైరైన రెండో ఏడు మెలిపడింది.

అర్ధరాత్రి ఆపరేషన్. చచ్చిన భాగం కోసేసి, పైకొసను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. కింది ముక్కను కుట్టేసి లోపలే వదిలేశారు. ఐదో నెలలో, మలం రాని కింది దారిన జిగురు పడింది, అందులో నెత్తుటి చారలు. సిగ్గుతో మూడు వారాలు మావారికి కూడా చెప్పలేదు. చివరికి గొట్టం వేసి చూస్తే లోపలి పొర పుండులా ఎర్రగా ఉంది, తగిలితే చాలు నెత్తురు ఊరుతోంది. క్యాన్సరేమోనని నాకు చెమటలు పడుతుంటే డాక్టరుగారు తాపీగా, "ఆ ముక్కకి తిండి లేదు మేడమ్" అన్నారు.

నెత్తురు అందుతూనే ఉందిగా, తిండి లేకపోవడమేమిటి?

పెద్దపేగు లోపలి పొర నెత్తురొక్కదాన్నే నమ్ముకుని బతకదట. జొన్న, పెసలు, చిక్కుళ్లలో మనకు అరగని పీచంతా అక్కడికి చేరుతుంది. చల్లారిన అన్నంలో కొంత పిండి గట్టిపడి, చిన్నపేగులో అరక్కుండా అదీ కిందికి జారుతుంది. అక్కడి బ్యాక్టీరియా దీన్నంతా పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే మూడు ఆమ్లాలు తయారుచేస్తుంది. వాటిలో వరసగా రెండు, మూడు, నాలుగు కార్బన్ పరమాణువులు. అందుకే పొట్టిగొలుసు కొవ్వు ఆమ్లాలన్నారు. అసిటేట్, ప్రొపియోనేట్ చాలావరకు ఒంట్లోకి వెళ్లిపోతాయి. బ్యూటిరేట్‌ను మాత్రం పేగుపొర అక్కడికక్కడే వాడేసుకుంటుంది. ఆ కణాలకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దాని నుంచే వస్తుందని 1980లో రోడిగర్ అనే సర్జన్ ప్రచురించారు.

బ్యూటిరేట్‌ను మండించడానికి ఆ కణాలు ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి. దాంతో పేగులోపల గాలి ఆడదు, గాలి పడని మంచి బ్యాక్టీరియాకి అదే కావాలి. కణానికీ కణానికీ మధ్య అతుకులు బిగుస్తాయి, పైన జిగురుపొర దళసరిగా ఉంటుంది. పీచు అందకపోతే కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ జిగురునే తినేస్తుందని ఎలుకల్లో చూశారు. అద్దెకున్నవాళ్లు వంటచెరకు లేక తలుపులు విరిచి పొయ్యిలో పెట్టుకున్నట్టు!

బ్యూటిరేట్ పేరు వెన్న అనే మాట నుంచి పుట్టిందని చెబితే, "అయితే ఇంకో గరిటె నెయ్యి వేసుకుంటే పోలా?" అన్నారు మావారు. నెయ్యిలో అది ఉన్నమాట నిజమే. కానీ చిన్నపేగులోనే ఇంకిపోతుంది, పెద్దపేగు దాకా రాదు.

నా కష్టం వేరు. నేనెన్ని జొన్నరొట్టెలు తిన్నా సంచిలోకే పోతాయి, కింది ముక్కకి మెతుకు దక్కదు. 1989లో అమెరికాలో ఇలాంటి నలుగురికి ఈ ఆమ్లాలు కలిపిన నీళ్లను ఎనిమాగా ఇస్తే పొర మానింది. తర్వాతి పరీక్షల్లో అంత గుణం కనపడలేదు. అసలు మందు పేగు మళ్లీ కలపడమే అన్నారు డాక్టరుగారు.

ఎనిమిదో నెలలో కలిపారు. పీచు ఒక్కసారిగా పెంచొద్దంటే కొద్దికొద్దిగా మొదలుపెట్టాను. మూడు నెలలయ్యాక గొట్టం వేసి చూస్తే లేత గులాబీరంగు పొర, ఎక్కడా చార లేదు.

మీ ఇంట్లో ఎవరైనా సంచితో ఉండి, కింది నుంచి జిగురో నెత్తురో పడుతుంటే నాలాగా మూడు వారాలు దాచకండి. ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఆ రోజే చెప్పండి.